నాన్న ఫోన్ నేను ఎత్తని రాత్రి: ఎంత ప్రార్థించినా గుండె దడ తగ్గడం లేదు

ఉద్దానం_కుర్రాడు | సోమవారం, రాత్రి 11:48

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది పలాస దగ్గర ఒక ఊరు. విజయనగరంలో ఒక హోల్‌సేల్ మందుల దుకాణంలో లెక్కలు రాస్తాను. వయసు 36. భార్య, ఒక పాప. చిన్నప్పటి నుంచి చర్చిలోనే పెరిగాను, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను.

2018 అక్టోబరు 10 రాత్రి. తిత్లీ తుఫాను గురించి ఇటువైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అప్పటికి పెళ్లి కాలేదు, విజయనగరంలో గది తీసుకుని ఉండేవాణ్ణి. రాత్రి 2:17కి నాన్న ఫోన్ చేశారు. నేను మెలకువగానే ఉన్నాను. సాయంత్రమే ఇద్దరం ఫోన్‌లో గొడవపడ్డాం. మళ్లీ అదే మొదలెడతారని సైలెంట్‌లో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకూ అయిదున్నరకూ మధ్య తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఆవును విప్పుదామని నాన్న పశువుల సాలలోకి వెళ్లారట. కొబ్బరిచెట్టు సాల మీద పడింది.

నాకు కబురు అందింది మర్నాటి మధ్యాహ్నం. నరసన్నపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఎవరి బండి దొరికితే ఆ బండి, చివరి నాలుగు కిలోమీటర్లు పడిపోయిన చెట్ల కింద నుంచి దూరుకుంటూ నడక. వెళ్లేసరికి భూస్థాపన అయిపోయింది.

ఆ ఫోన్ ఎత్తి ఉంటే? 'సాలలోకి వెళ్లకు నాన్నా' అని ఒక్క మాట అని ఉంటే?

ఏడేళ్లు నిండాయి. ఇప్పటికీ రాత్రి రెండు దాటాక మెలకువ వస్తుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందదు, చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. పది పదిహేను నిమిషాలకు తగ్గుతుంది. రెండుసార్లు ఈసీజీ తీయించాను, బాగానే ఉందన్నారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మానేశాను, నిద్రలో కూడా తీసి చూసుకుంటాను. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాను. 'దేనినిగూర్చియు చింతపడకుడి' అన్న వాక్యం గోడకు అంటించాను. ఇప్పుడు దాన్ని చూసినా టెన్షనే. చింతపడటం ఆజ్ఞ మీరడమే కదా, అంటే ఇంకో పాపం. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షారసం పంచేటప్పుడు, పాత్ర నా దాకా వస్తే పక్కవారికి అందించేస్తాను. చర్చికి రెండు ఫ్యాన్లు కూడా ఇచ్చాను. నాన్న పోయాక ఇంటి వ్యవహారాలు, చెట్ల డబ్బు సంగతి కూడా కొంచెం మనసులో ఉంది, అది వేరే విషయం.

దేవుడు నన్ను క్షమించాడని ఎలా తెలుస్తుంది? ఇలాంటిది దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

జయశాలి_777 | మంగళవారం, ఉదయం 5:10

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. ఇది భయం పుట్టించే ఆత్మ. దేవుడు మనకు పిరికితనం గల ఆత్మను ఇవ్వలేదు, 2 తిమోతి 1:7. ఇరవై ఒక్క రోజులు చాలవు, నలభై రోజులు ఉపవాసం పట్టండి. డాక్టర్ల చుట్టూ తిరగొద్దు, మందు వేసుకున్నారంటే విశ్వాసం లేనట్టే. మా కూటంలో ఇలాంటివాళ్లు ఒక్క రాత్రిలో విడుదల పొందారు.

నాగావళి_గట్టు | మంగళవారం, ఉదయం 7:35

బాబూ, ముందు ఇది చెప్పు. రాత్రి అన్నం తింటున్నావా? రోజుకు ఎన్ని టీలు?

నేను శ్రీకాకుళంలో ఉంటాను. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. నువ్వు చెప్పినలాంటి దడతో అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను. చాలామందికి గుండె బాగానే ఉంటుంది. అది ప్యానిక్. పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి తనంతట తనే దిగుతుంది, నువ్వు రాసింది కూడా అదే. ఈసారి వచ్చినప్పుడు లేచి కూర్చో. గాలి తీసుకోవడం కంటే వదలడం నెమ్మదిగా చెయ్యి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. చచ్చిపోవు. థైరాయిడ్, బీపీ, షుగర్ ఒకసారి చూపించు, తర్వాత మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు. సిగ్గేటి? జీజీహెచ్‌లో, అదే సర్కారు పెద్దాసుపత్రిలో, ఓపీ చీటీ తీసుకుంటే సరిపోతుంది.

ఉపవాసం గురించి. మొదటి రాజులు 19 తియ్యి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి 'ఇక చాలు, నా ప్రాణం తీసుకో' అన్నాడు. దేవుడు ప్రసంగం చేయలేదు, పాపాల జాబితా చదవలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాటలు తర్వాత. నిద్ర లేని ఒంటికి నలభై రోజుల ఉపవాసం చెప్పే ముందు జయశాలి గారు ఆ అధ్యాయం ఒకసారి చదవాలి.

జయశాలి_777 | మంగళవారం, ఉదయం 8:02

అమ్మా, అంతా వైద్యం మీదే ఆధారపడితే ఇక దేవుడెందుకు?

నాగావళి_గట్టు | మంగళవారం, ఉదయం 8:20

కెనడా బాప్టిస్టు మిషనరీలు మన ప్రాంతానికి వచ్చి చర్చిలతో ఊరుకోలేదు నాయనా, సోంపేటలో, శ్రీకాకుళంలో ఆసుపత్రులు కూడా కట్టారు. లూకా వైద్యుడని కొలస్సీ పత్రికలో పౌలే రాశాడు. తిమోతికి కడుపు నొప్పి అయితే అదే పౌలు ఉపవాసం చెప్పలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. నువ్వు చెప్పింది కూడా తిమోతి పత్రికే కదా.

వేదిక_నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 9:00

వాడుతున్న మందులు మానమని ఈ వేదికలో ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. అలాంటి పోస్టులు తీసేస్తాం. చనిపోవాలన్న ఆలోచన వచ్చేవారు ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయ లైను) 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

బొబ్బిలి_టీచర్ | మంగళవారం, సాయంత్రం 6:40

తమ్ముడూ, గోడ మీద నుంచి ఆ కాగితం కొన్నాళ్లు తీసెయ్. వాక్యం మీద గౌరవం తగ్గి చెప్పడం లేదు, సండే స్కూల్లో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను.

ఆ మాట పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీ పత్రికలో రాసింది. అదే పత్రిక రెండో అధ్యాయంలో తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడని, అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని దాచకుండా చెప్పుకున్నాడు. రెండో కొరింథీ 11:28లో 'సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు' అంటాడు. మరి పౌలు ఆజ్ఞ మీరినట్టేనా? ఏడుస్తున్న పిల్లాడితో అమ్మ 'ఏడవకురా' అంటే అది చట్టం కాదు కదా. దగ్గరికి తీసుకుంటూ అనే మాట. నువ్వు దాన్ని పోలీసు నోటీసులా చదువుతున్నావు.

ఇక నాన్నగారి విషయం. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు యేసు. గోపురం కూలింది, మనుషులు పోయారు. మీ ఇంట చెట్టు కూలింది. గంటకు 150 కిలోమీటర్ల గాలిని నీ ఫోన్ ఆపేది కాదు. రెండుంబావుకు నువ్వు మాట్లాడినా, అయిదింటికి ఆవు అరుస్తుంటే రైతు ఇంట్లో కూర్చుంటాడా? మా నాన్నయితే కూర్చోడు.

అయితే ఒకటి ఉంది. కోపంతో ఫోన్ ఎత్తలేదు. అది తప్పే. కానీ ఎంత తప్పో అంతే ఒప్పుకో. కొడుకు తండ్రి మీద అలిగిన తప్పు. ఇలాంటివి ప్రతి ఇంట్లో వారానికి రెండు జరుగుతాయి, మర్నాడు టీ తాగుతూ మరిచిపోతారు. నీకు ఆ మర్నాడు దొరకలేదు. దుఃఖం దానికి పడాలి. హత్య చేసినవాడిలా మోకరిస్తే నువ్వు చేయనిదానికి క్షమాపణ అడుగుతున్నట్టు. దానికి జవాబు ఎలా వస్తుంది?

మూడు_లాంతర్లు | మంగళవారం, రాత్రి 9:15

నేను క్రైస్తవుణ్ణి కాను. మాది విజయనగరమే, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊళ్లో లేకపోతే మా అమ్మ నాతో వారం మాట్లాడదు. మీ వాక్యాల్లో వేలు పెట్టను. కానీ ముప్పై ఏళ్లు ఆడిట్ చేసినవాణ్ణి, ఒకటి అడగాలనిపించింది.

మీరు ఫోన్ గురించి నిమిషంతో సహా రాశారు. 2:17. చివర్లో 'చెట్ల డబ్బు సంగతి కూడా కొంచెం మనసులో ఉంది, అది వేరే విషయం' అని అర లైను రాసి దాటేశారు. ఆడిటర్ వచ్చినప్పుడు కొందరు గుమాస్తాలు పెద్ద ఫైలు తెచ్చి, సార్ ఇక్కడ పొరపాటు జరిగింది అని వాళ్లే చూపిస్తారు. మేం అందులో మునిగిపోతాం. చూడాల్సిన వోచర్ బీరువాలో ఉంటుంది.

నేను పొరబడి ఉండొచ్చు. అయితే క్షమించండి. చెట్ల డబ్బు ఏమిటి?

బొబ్బిలి_టీచర్ | మంగళవారం, రాత్రి 9:31

లాంతర్లు గారూ, అంత పొడవు రాశాను, నాకు ఆ లైను కనపడనే లేదు.

ఉద్దానం_కుర్రాడు | మంగళవారం, రాత్రి 11:55

అందరికీ ధన్యవాదాలు. టీలు రోజుకు ఆరు అవుతాయమ్మా. లాంతర్లు గారి ప్రశ్నకు తర్వాత రాస్తాను.

రాజాం_రాణి | బుధవారం, మధ్యాహ్నం 2:20

అన్నా, ఆ డబ్బు సంగతి నాకు తెలియదు కానీ, ఈ చర్చ చదివే మిగతావాళ్లు తమ వెనుక కూడా ఏదో దాచిన పాపం ఉండే ఉంటుందని తవ్వుకోకుండా నా కథ రాస్తున్నాను. నా వెనుక ఏ వోచరూ లేదు.

బాబు పుట్టిన మూడో నెలలో మొదలైంది. మార్కు సువార్తలో పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదని ఉంది కదా, చర్చిలో అది చదువుతుంటే మనసులో ఒక చెడ్డ మాట మెదిలింది. నేను కావాలని అనుకోలేదు. అంతే, ఇక నేను నరకానికే అని నిర్ణయమైపోయింది. రోజుకు నలభై, యాభైసార్లు క్షమించమని అడిగేదాన్ని. సరిగ్గా అడగలేదేమోనని మళ్లీ మొదటి నుంచి. కుక్కర్ విజిల్ మధ్యలో వస్తే ప్రార్థన చెల్లలేదని మళ్లీ. పాలు పట్టడానికి కూడా బాబును ముట్టుకోవడానికి భయం, నా పాపం వాడికి అంటుతుందని. మా అత్తగారు మొదట గాలి సోకిందన్నారు. మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మాత్రం రెండు వారాలు విని, 'అమ్మా, నీ విశ్వాసానికి ఏమీ కాలేదు, నీ మెదడు అలసిపోయింది, డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను' అన్నారు. విశాఖ వెళ్లాం. ఓసీడీ అన్నారు, అంటే ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీ మళ్లీ వదలకుండా పట్టుకునే జబ్బు, దేవుడి భక్తి ఉన్నవాళ్లకు అది భక్తి రూపంలోనే వస్తుందట. మందులు పని చేయడానికి నెల దాటింది. మొదటి పది రోజులు కడుపులో వికారం.

మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడట. బయటికి వచ్చి ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లేవాడట. ఆయన పెద్ద, స్టౌపిట్జ్ అనే ఆయన విసిగిపోయాడట. అయ్యగారు ఇది చెబితే రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాను.

డాక్టర్ గారు, అయ్యగారు కలిసి ఒక నియమం పెట్టారు. ఒక విషయానికి ఒక్కసారే క్షమాపణ అడగాలి. రెండోసారి అడగాలనిపిస్తే అడగకుండా గిన్నెలు తోముకోవాలి. ఆ గిన్నెలు తోమడం నా జీవితంలో చేసిన అతి కష్టమైన విశ్వాసపు పని. రెండేళ్లయింది. ఇప్పుడు చిన్న మోతాదు వేసుకుంటున్నాను, బల్లలో చేయి వేస్తున్నాను.

ఉద్దానం_కుర్రాడు | గురువారం, రాత్రి 1:30

రాసి చెరిపి, రాసి చెరిపి ఇప్పటికి నాలుగుసార్లు.

మా తోట నాన్నకూ చిన్నాన్నకూ ఉమ్మడి. పంపకం నోటిమాట మీదే జరిగింది, కాగితాలు లేవు. తుఫాను నాటికి చిన్నాన్న, పిన్ని హైదరాబాదులో బిల్డింగ్ పనికి వెళ్లారు. నష్టపరిహారం కోసం పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టడానికి అధికారులు వచ్చినప్పుడు నాన్న పోయి పది రోజులైంది, నేనే దగ్గరుండి చూపించాను. చిన్నాన్న వాటా 41 చెట్లు మా చెట్లతో కలిపి రాయించాను. మొదట, డబ్బు పడ్డాక ఇచ్చేద్దాం అనే అనుకున్నాను, ఒట్టు. 61,500 రూపాయలు. డబ్బు పడింది. సమాధి కట్టించాం, అప్పులవాళ్లు వచ్చారు, తర్వాత నా పెళ్లి. చిన్నాన్న అడగలేదు. నేను చెప్పలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. చిన్నాన్నకు కిడ్నీలు పోయాయి. మా వైపు అది ఇంటింటి జబ్బు, తెలుసు కదా. డయాలసిస్‌కు వెళ్లడానికి ఆటో డబ్బులు లేక ఒకసారి మా ఇంటికి వచ్చాడు. నేను అయిదు వందలు ఇచ్చాను. ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన కూడా చేశాను. ఆయన ఆమేన్ అన్నాడు. 2021లో పోయాడు.

ఫ్యాన్లు ఆ తర్వాత కొన్నవే.

లాంతర్లు గారూ, మీరు పొరబడలేదు.

నాగావళి_గట్టు | గురువారం, ఉదయం 6:05

చదివాను బాబూ. ఇవాళ టీ మూడుకు తగ్గించు. రాత్రి రాస్తాను.

కంటోన్మెంట్_ఆర్‌సీఎం | గురువారం, ఉదయం 10:10

మేము కతోలికులం, శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విడిగా ఏర్పడక ముందు నుంచీ మా కుటుంబం ఈ విచారణలన్నిట్లో (పారిష్‌లలో) తిరిగింది. మా పద్ధతి చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. పాపసంకీర్తనంలో మేం గురువుల (ఫాదర్ల) ముందు నోరు తెరిచి చెప్పాలి. ప్రాణం మీదికొచ్చినా ఆయన ఆ మాట బయటపెట్టకూడదు. కానీ ఇతరుల సొమ్ము ఉంటే 'క్షమించాను, వెళ్లు' అనడంతో తీరదు. తిరిగి ఇవ్వాల్సిందే, స్తోమత ఉంటే. మీకు గురువులు లేరు, సరే. ఈ వేదికలో పేరు తెలియని మా అందరికీ చెప్పారు. చెప్పడం అయింది. ఇవ్వడం మిగిలింది.

కొత్తవలస_సుధాకర్ | గురువారం, ఉదయం 11:45

చిన్న సలహా. పిన్ని గారికి ఫోన్‌పేలో కొంచెం కొంచెంగా పంపేయొచ్చు కదా, సాయం అని చెప్పి? గొడవలు రావు, మీ గౌరవం పోదు. పాత విషయాలు తవ్వితే బంధుత్వాలు తెగుతాయి. దేవుడికి తెలుసు, చాలదా?

మూడు_లాంతర్లు | గురువారం, మధ్యాహ్నం 12:20

సాయం అని చెబితే ఆవిడ మీకు రుణపడినట్టు అవుతుంది సుధాకర్ గారూ. అప్పు ఉన్నవాడే దాత అయిపోతాడు. అయిదు వందల ఆటో డబ్బులు కూడా అదే పద్దు.

బొబ్బిలి_టీచర్ | గురువారం, సాయంత్రం 7:00

నేను కూడా లాంతర్లు గారి వైపే. మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అన్నాడు యేసు. మనం తిప్పి చేస్తాం, సహోదరుణ్ణి వదిలి అర్పణ ఇస్తాం. చర్చి ఫ్యాన్ల గాలి పిన్నిగారి ఇంటిదాకా రాదు తమ్ముడూ. కఠినంగా అన్నాననుకోకు.

ఎంత ఇవ్వాలి అంటే, అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, అది అతని ఉత్సాహం. సంఖ్యాకాండము 5:7లో అసలుకు అయిదో వంతు కలిపి, ఎవరికి అపరాధం చేశారో వారికే ఇవ్వమని ఉంది. 61,500కు అయిదో వంతు 12,300. మొత్తం 73,800.

బల్ల గురించి కూడా. మొదటి కొరింథీ 11:28లో తనను తాను పరీక్షించుకోవాలి అని ఉంది, నిజమే. కానీ ఆ వాక్యం అక్కడ ఆగదు. అలా చేసి ఆ రొట్టె తినాలి అని ఉంది. పరీక్షించుకుని పాత్ర పక్కవారికి అందించమని లేదు.

మూడు_లాంతర్లు | గురువారం, రాత్రి 8:10

ఏడేళ్లకు ఆరు శాతం బారువడ్డీ వేసినా 25,830 అవుతుంది. టీచర్ గారు చెప్పిన మోషే గారి రేటు బ్యాంకు కంటే చవకే.

రాజాం_రాణి | గురువారం, రాత్రి 8:15

లాంతర్లు గారూ 😄

నాగావళి_గట్టు | గురువారం, రాత్రి 9:40

బాబూ, డబ్బు ఇచ్చేస్తే రాత్రి దడ ఆగిపోతుందని ఆశ పెట్టుకోకు. ఏడేళ్లు అలవాటు పడిన ఒళ్లు, అది దాని టైముకు అది లేస్తుంది. ఆగకపోతే దేవుడు క్షమించలేదని మళ్లీ మొదలెడతావు. డాక్టర్ దగ్గరికి వెళ్లేది వెళ్లు, పిన్ని దగ్గరికి వెళ్లేది వెళ్లు, రెండూ కలపకు. ముందు మీ ఆవిడకు చెప్పావా?

ఉద్దానం_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 6:20

చెప్పలేదమ్మా. ఇవాళ చెబుతాను.

ఉద్దానం_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:15 (పదహారు రోజుల తర్వాత)

చాలామంది మెసేజ్ పెట్టారు, ఆలస్యానికి క్షమించండి.

మా ఆవిడ మొదట ఒక్కటే అడిగింది, పాప స్కూల్ ఫీజు ఏం చేస్తావని. తర్వాత రెండు రోజులు నాతో అవసరమైనవి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు ఆర్‌డీ పాస్‌బుక్ తీసి టీవీ మీద పెట్టింది.

నిన్న శనివారం వెళ్లాను. పిన్ని పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తోంది, సాయంత్రం వచ్చాక కూర్చున్నాం. దారి పొడవునా ఎలా మొదలెట్టాలో వల్లించుకున్నాను. ప్రార్థనతో మొదలెడదామనుకున్నాను కూడా. ఆవిడ ముఖం చూశాక నోరు రాలేదు, కవరు చాప మీద పెట్టి, '41 చెట్ల డబ్బు పిన్నీ, నేను తినేశాను' అన్నాను.

పిన్ని కవరు విప్పి లెక్కపెట్టింది. జీడి రసానికి ఆవిడ వేళ్లు నల్లబడి పొలుసులు లేచి ఉన్నాయి. లెక్క మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి. నేను అలాగే కూర్చున్నాను. అయ్యాక అంది, 'నాకు తెల్సు. లిస్టు సూసినాను. అడుగుతానంటే మీ చిన్నాన్నే వద్దన్నాడు, అన్న పోయిన ఇల్లు, ఊరుకో అన్నాడు.'

వాళ్లకు తెలుసు. నేను తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినప్పుడు ఆయనకు తెలుసు. తెలిసే ఆమేన్ అన్నాడు.

పైన 12,300 ఎందుకంటే వాక్యంలో ఉందన్నాను. ఏ వాక్యమో తనకు తెలియదంది, చిన్నోడి పాలిటెక్నిక్ ఫీజుకు ఉంచుతానంది. టీ ఇవ్వలేదు. క్షమించానని కూడా అనలేదు. గుమ్మం దాకా వచ్చి, 'ఆయనున్నప్పుడు తేవలసింది' అని లోపలికెళ్లిపోయింది.

అమ్మ దగ్గర పడుకున్నాను. నాన్న ఆ రాత్రి నాకెందుకు ఫోన్ చేశారని ఏడేళ్లలో మొదటిసారి అమ్మను అడిగాను. తెలియదంది. గాలి హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడలేదంది. ఇక అది ఎప్పటికీ తెలియదు.

రాత్రి రెండున్నరకు దడ వచ్చింది. లేచి కూర్చుని ఆరు లెక్కపెట్టాను.

టీచర్ గారూ, ఫోన్ విషయం మీరు చెప్పినట్టు చిన్నదిగా ఒప్పుకున్నాను, సమాధి దగ్గర, ఒక్కసారే. డబ్బు ఇచ్చేశాను. కానీ చిన్నాన్న ఆటో డబ్బుల సంగతి ఎక్కడ ఇవ్వాలి? అది ఎవరికీ తిరిగి ఇవ్వలేను కదా.

బొబ్బిలి_టీచర్ | ఆదివారం, రాత్రి 11:20

అరగంట నుంచి జవాబు రాద్దామని ఈ పెట్టె తెరిచి కూర్చున్నాను తమ్ముడూ. దానికి నా దగ్గర అయిదో వంతు లెక్క లేదు. కీర్తన 130 ఉంది. 'నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?' సిలువ మనం తీర్చగలిగిన అప్పుల కోసమైతే అవసరమే లేదు. తీర్చలేనిది ఇప్పుడు నీ దగ్గర ఒకటి ఉంది. దాన్ని ఫ్యాన్లతోనూ ఉపవాసంతోనూ కొనుక్కోవద్దు, అలాగే పట్టుకుని రా. పేతురు బొగ్గుల మంట దగ్గర యేసు ఎవరో తెలియదని బొంకాడు. యోహాను చివరి అధ్యాయంలో యేసు మళ్లీ బొగ్గుల మంట దగ్గరే కూర్చోబెట్టాడు, ముందు చేపలు, రొట్టె పెట్టాడు. తిన్నాకే, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు.

మీ చిన్నాన్న ఆమేన్ అన్న సంగతి నా భార్యకు చదివి వినిపించాను. ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది.

కంటోన్మెంట్_ఆర్‌సీఎం | సోమవారం, ఉదయం 6:50

పిన్నిగారిని క్షమించమని తొందరపెట్టకండి. అది ఆవిడ పని, ఆవిడ టైము.

నాగావళి_గట్టు | సోమవారం, ఉదయం 7:15

డాక్టర్ సంగతి రాయలేదు.

ఉద్దానం_కుర్రాడు | సోమవారం, ఉదయం 7:40

వెళ్లానమ్మా, పోయిన బుధవారం. మందు రాశారు, నాలుగు వారాల తర్వాత రమ్మన్నారు. రాణి గారు చెప్పినట్టు కాస్త వికారంగా ఉంది. వారానికోసారి మాట్లాడటానికి కూడా రమ్మన్నారు. టీ మూడే.

వచ్చే ఆదివారం మొదటి ఆదివారం. ఏం చేస్తానో ఇంకా తెలియదు. వెనక బెంచీలో కాకుండా మా ఆవిడ పక్కన కూర్చుందామనుకుంటున్నాను.

మూడు_లాంతర్లు | సోమవారం, ఉదయం 8:05

ఆ ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయా?

ఉద్దానం_కుర్రాడు | సోమవారం, ఉదయం 8:12

ఒకటి టకటకమని చప్పుడు చేస్తోంది సార్. ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి.